అకిగ్గిక్ ఒప్పుకోవాలి

సియాసి అబద్ధమాడలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే తర్వాత ఊళ్ళో సగం మంది ఆవిడ కావాలనే చేసిందన్నారు, మిగతా సగం మంది ఆవిడ తెలివికి మెచ్చుకున్నారు. నిందా, మెప్పూ రెండూ ఆవిడకి చెందవు. ఫోన్లో వాళ్ళు అడిగారు, ఈవిడ చెప్పింది. జరిగింది అంతే.

అడిగినవాళ్ళు దక్షిణాన పెద్ద నగరంలో ఉండే ఒక పరిశోధన నిధివాళ్ళు. ఉత్తరాన మంచుసీమలో ఉన్న ఇకలువిక్‌లో కరెంటు ఇంజన్ల షెడ్డు వెనకాల సియాసి చార్ అనే చలినీటి చేపల గుడ్లు పొదిగిస్తోంది. ఇంజన్ల వేడి ఊరికే ఆకాశంలోకి పోకుండా గొట్టాల్లో మళ్ళించి, తొట్లలో నీళ్ళు గడ్డకట్టకుండా చూసుకుంటుంది. ఆ చేపపిల్లల్ని ఏట్లో వదిలితే అవి సముద్రానికి పోయి, బలిసి, మళ్ళీ అదే ఏటికి వస్తాయా రావా అన్నది పరిశోధన. వస్తే ఊరు తన తిండి తాను తింటుంది. రాకపోతే విమానం తెచ్చిన కోడికాళ్ళూ, దుకాణానికి చేరేలోపే ముసలిదైపోయిన క్యాబేజీ ఎటూ ఉన్నాయి, అవే తినాలి. నిధివాళ్ళు ఇంతవరకూ డబ్బు బాగానే ఇచ్చారు. ఈసారి మాత్రం ఒక షరతు పెట్టారు. ఏ ఏట్లో చేపలు వదులుతారో ఆ ఏటికి సంబంధించిన పెద్దమనిషి ఒప్పుకోవాలి, తమ మనిషి వచ్చి ఆ ఒప్పుకోలు స్వయంగా వినాలి. ఇది లేకపోతే డబ్బు రాదు. డబ్బు రాకపోతే తొట్లలో నీళ్ళు తిప్పే మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే తొట్లలో పిల్లలన్నీ ఒక్క పూటలో చస్తాయి.

"ఆ ఏరు ఎవరిదండీ?" అని అడిగారు ఫోన్లో.

"అకిగ్గిక్‌ది," అంది సియాసి.

"ఆయన ఒప్పుకోవాలా?"

"ఒప్పుకోకపోతే నేను ఆ ఏట్లో చెయ్యి కూడా కడగను."

"ఆరోగ్యంగా ఉన్నారా? మాట్లాడగలరా?"

"మాట్లాడకుండా ఆపడమే కష్టం. మనిషి రాయిలా ఉన్నాడు. ముందుపళ్ళు రెండు ఊడాయి, అంతే."

అవతల పాపం ఎంతో గౌరవంగా "ఆయనకి మా నమస్కారాలు చెప్పండి" అని ఫోన్ పెట్టేశారు.

పక్కనే కూర్చుని మంచుబండి గొలుసుకి గ్రీజు పూస్తున్న కొడుకు పుతులిక్ తలెత్తాడు. "అమ్మా, వాళ్ళు ఎవరో ముసలాయన అనుకుంటున్నారే."

"అనుకోనీ. నేను ముసలాయన అన్నానా?"

"ఆరేళ్ళ పిల్ల అని కూడా అనలేదుగా!"

"వయసు అడిగితే చెప్పేదాన్ని. వాళ్ళు పళ్ళ దాకా వచ్చి ఆగిపోయారు."

అకిగ్గిక్ అంటే సియాసి తండ్రి. ఆ ఏటి దగ్గర పుట్టి, ఆ ఏటి చేప తిని పెరిగినవాడు. ఒక వేసవిలో మంచు కరిగి వచ్చిన వరద బండరాళ్ళని దొర్లించుకొచ్చి ఏటి నోటికి అడ్డం పడేసింది. చేపలు ఎక్కలేకపోయాయి. ఎక్కినవి కూడా బక్కచిక్కి వచ్చాయి. అప్పుడాయన ఊరందరి ముందూ రేడియోలో చెప్పాడు: "నేను చెప్పేదాకా ఈ ఏట్లో ఎవరూ వల వెయ్యొద్దు, చెయ్యి పెట్టొద్దు." ఎవరూ పెట్టలేదు. ఆ చలికాలమే దక్షిణాది ఆసుపత్రికి వెళ్ళి, చెప్పాల్సిన ఆ మాట చెప్పకుండానే పోయాడు మహానుభావుడు. ఆ వసంతంలో పుతులిక్‌కి కూతురు పుట్టింది, ఆయన పేరు పెట్టారు. పేరు ఎక్కడుంటే మనిషి అక్కడే. ఇందులో నోరు తెరుచుకుని చూడాల్సిందేమీ లేదు, ఇకలువిక్‌లో ఎవరూ చూడరు కూడా.

అందుకే సియాసి ఆ పిల్లని "నాన్నా" అంటుంది. కన్నతండ్రి పుతులిక్ "తాతయ్యా, బూట్లు తొడుక్కో" అని బతిమాలుకుంటాడు. సియాసి తల్లి అర్నైతుక్ అయితే, ఎనభై దాటిన మనిషి, సీల్ చర్మం కుడుతూ కుడుతూ ఆ పిల్ల గదిలోకి రాగానే సర్దుకుని కూర్చుని "ఏవండీ, టీ తాగుతారా?" అంటుంది. పిల్ల కూడా తక్కువది కాదు. "ఏమే, చక్కెర ఎక్కువెయ్యి" అంటుంది.

రాళ్ళని ఊరంతా కలిసి ఎప్పుడో తీసేశారు. కానీ చేపలు వాటంతట అవి రాలేదు. దగ్గర్లో చేప లేని ఏరు అదొక్కటే, వదిలినవి తిరిగొచ్చాయో లేదో తేలేది అక్కడే, దాన్ని మూసిన మనిషే తెరవాలి. అంతా సవ్యంగానే ఉంది, ఒక్క చిక్కు తప్ప.

"నా భయం ఆ నగరంవాళ్ళ గురించి కాదురా," అంది సియాసి. "మీ తాత ఒప్పుకుంటాడా అని."

భయపడాల్సిందే మరి. ఈ ఊరివాళ్ళలో అవునంటే కనుబొమలు పైకి లేస్తాయి, కాదంటే ముక్కు ముడతలు పడుతుంది. నోరు తినడానికీ నవ్వడానికీ. ఆ నెలంతా అకిగ్గిక్ కనుబొమలు లేచిన పాపాన పోలేదు. స్నానమా? ముక్కు. బడా? ముక్కు. నిద్రా? ముక్కు. తనకి ప్రాణమైన బానక్ రొట్టె పెట్టినా ముందు ముక్కు చిట్లించి, తర్వాత లాక్కుని తినేది. అలాంటి మనిషిని పట్టుకుని ఏరు తెరుస్తావా అని ఎలా అడగడం? ఒకసారి కాదందంటే అయిపోయినట్టే. మళ్ళీ మళ్ళీ అడిగి విసిగించడం సొంత తండ్రితో చేసే పనేనా?

వచ్చే మనిషి విమానం ఎక్కిందని కబురందిన రోజు సియాసి ఊరి రేడియో స్టేషనుకి వెళ్ళి మైకు అందుకుంది.

"అందరికీ మనవి. మా నాన్నని ఎల్లుండి దాకా ఎవరూ ఏడిపించకండి. ఆటలో ఓడించకండి. ఎదురుచెప్పకండి. కుక్కపిల్లని అడిగితే ఇచ్చేయండి, తర్వాత నేను తెచ్చి ఇస్తాను. ఏటి సంగతి ఎవరైనా ముందుగా ఆయన చెవిన వేశారో, వాళ్ళ ఇంటికి ఈ జన్మలో చేప పంపను."

అంతే, ఇకలువిక్ మొత్తం ఆరేళ్ళ పిల్లకి దాసోహమంది. ఒకరు మిఠాయి తెచ్చారు, ఒకరు కారిబూ దుప్పి నాలుక ఉడకబెట్టి తెచ్చారు. దుకాణం మేనేజరు తలుపు దగ్గర నిలబడి "లోపలికి దయచెయ్యండి" అన్నాడు. పిల్ల మొదట అనుమానంగా చూసింది, తర్వాత అలవాటు పడింది, సాయంత్రానికి పూర్తిగా చెడిపోయింది. పుతులిక్ మంచుబండి మీద తను ముందు కూర్చుని, వాణ్ణే వెనక కూర్చోబెట్టి ఊరు నాలుగుసార్లు తిరిగింది. కుక్కపిల్లని నిజంగానే అడిగింది. సియాసి నవ్వుతూనే ఉంది గానీ ఆ రాత్రి తిండి సహించలేదు ఆవిడకి.

మర్నాడు పొద్దున్న విమానం దిగిన మనిషి పేరు ఒడిల్ గార్నో. పొడుగ్గా, ఎర్రటి ముక్కుతో, తన ఎత్తుకి సరిపోని కోటుతో దిగింది. చంకలో ఒక చేతికర్ర, ఒక ఉన్ని దుప్పటి ఉన్నాయి. పెద్దాయనకి కానుకట.

"ఆయన రాలేదా?" అంది ఒడిల్.

"ఇదిగో," అంది సియాసి, "మా నాన్న."

ఒడిల్ కిందకి చూసింది. పిల్ల పైకి చూసింది. కర్ర నచ్చింది కాబోలు, చెయ్యి చాపి లాక్కుని, రన్‌వే పక్క మంచుగుట్ట మీదికి ఈటెలా విసిరింది.

"తమాషా చేస్తున్నారా?" అంది ఒడిల్. గొంతులో కోపం లేదు గానీ అలసట ఉంది.

"అమ్మగారూ, మా తాత తమాషా మనిషే," అన్నాడు పుతులిక్, "కానీ మా అమ్మ కాదు." దారిపొడుగునా బండి చప్పుడులో అరుస్తూ అరుస్తూ పేరు సంగతీ, ఏరు మూసిన సంగతీ అంతా చెప్పాడు. ఒడిల్ విన్నది ఎంతో, గాలి ఎత్తుకుపోయింది ఎంతో తెలియదు. ఇంటికి చేరేసరికి మాత్రం నవ్వు ఆపుకుంటోంది. లోపల ముసలావిడ లేచి నిలబడి "ఏవండీ, చేతులు కడుక్కోండి, అతిథి వచ్చింది" అని ఆరేళ్ళ పిల్లతో అనడం, సియాసి దాన్ని పొల్లుపోకుండా అనువదించడం చూసి నవ్వు ఆగిపోయింది. దుప్పటి తీసుకెళ్ళి పిల్ల ఒళ్ళో కాదు, ఎదురుగా నేల మీద రెండు చేతులతో పెట్టింది.

"సరే," అంది ఒడిల్. "నాకు కావలసింది ఆ ఏటికి ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళ మాట. ఊరంతా ఈమెదే అంటే, ఈమెదే. కానీ నేను నా చెవులతో వినాలి. లేదంటే మాత్రం నేనేమీ చెయ్యలేను. రేపు విమానం ఎక్కుతాను, అక్కడితో అయిపోతుంది."

అడగడం ఏటి దగ్గరే అడగాలని ముసలావిడ పట్టుబట్టింది. ఆమెని కారిబూ తోళ్ళలో చుట్టి లాగుడుబండిలో పడుకోబెట్టారు. దారిలో షెడ్డు దగ్గర ఆగి, ఒడిల్‌కి తొట్లు చూపించారు. నల్లటి రెండు కళ్ళు తప్ప ఇంకేమీ లేనట్టున్న పిల్లలు లక్షణంగా ఈదుతున్నాయి. అకిగ్గిక్ వాటిని చూసి బల్ల ఎక్కి, చిటికెడు మేత చల్లి, వాటితో ఏదో గుసగుసలాడింది. రోజూ చేసే పనే అది. సియాసి అప్పుడు పట్టించుకోలేదు.

ఏటి ఒడ్డున గుడారం వేసి, పొయ్యి వెలిగించి, టీ పెట్టారు. ఏరు ఇంకా మంచు కిందే ఉంది. కొండ మీద ఎండ కళ్ళు పొడిచేలా ఉంది. పిల్లకి కడుపునిండా రొట్టె, పంచదార టీ, కారిబూ కొవ్వు పెట్టారు. ముక్కు తుడిచారు. ముసలావిడ పక్కన కూర్చోబెట్టారు. పుతులిక్ గుడారం గుమ్మం దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

సియాసి మోకాళ్ళ మీద కూర్చుంది. యాభై దాటిన మనిషి, పిల్ల ఎత్తుకి వంగి అడిగింది. "నాన్నా, నువ్వు ఈ ఏరు మూశావు. రాళ్ళు తీసేశాం. షెడ్డులో చేపపిల్లలున్నాయి. వేసవిలో వాటిని ఇందులో వదలమంటావా?"

అకిగ్గిక్ ఏటి వైపు చూసింది. సియాసి వైపు చూసింది. ఆ తర్వాత ముక్కు మొత్తం పైకి లాగి, కళ్ళు చికిలించి, ముందుపళ్ళు లేని చిగుళ్ళన్నీ కనబడేలా చిట్లించింది.

పుతులిక్ గోరు కొరకడం మానేశాడు.

ఒడిల్ ముఖం మాత్రం వెలిగిపోయింది. "అబ్బ, ఎంత ముద్దుగా నవ్విందో! చాలా సంతోషం. ఇంతకన్నా ఏం కావాలి? ఈ రాత్రే మా వాళ్ళకి చెప్పేస్తాను, డబ్బు వస్తుంది."

పుతులిక్ తల్లి చెవి దగ్గరికి వంగాడు. "అమ్మా, నోరు మూసుకో. ఆవిడే అనుకుంది, మనమేం అనలేదు."

సియాసికి ఆశ పుట్టలేదంటే అది పచ్చి అబద్ధం. బాగా పుట్టింది. ఫోన్లో చెయ్యలేదా ఇదే పని? అనుకోనిచ్చి ఊరుకోలేదా? ఈసారీ ఊరుకుంటే మోటారు తిరుగుతుంది, పిల్లలు బతుకుతాయి, పిల్ల రేపటికి మరచిపోతుంది. తల్లి వంక చూసింది. ముసలావిడ కప్పు కింద పెట్టి ఎదురుచూస్తోంది. ఆ ఎదురుచూడడమే సియాసికి మండింది. ఎవరైనా ఒక్క మాట తిట్టి ఉంటే ఎదురుతిరిగి మౌనంగా ఉండేదేమో.

"అమ్మగారూ," అంది సియాసి. "అది నవ్వు కాదు. కాదన్నాడు."

"కాదనడమా?"

"ముక్కు అలా చేస్తే కాదని. మా నాన్న ఒప్పుకోలేదు."

పుతులిక్ "అయ్యో అమ్మా!" అని తల పట్టుకుని బయటికి పోయాడు. "మీరు చెప్పకుండా ఉండొచ్చు కదా," అంది ఒడిల్.

"ఉండొచ్చు. అప్పుడు దొంగచేపలు తినాలి మేము. మా నాన్న ఏట్లో."

"ఒప్పుకోకపోతే నేను డబ్బు ఇవ్వలేను. మీకు తెలుసుగా."

సియాసి కనుబొమలు ఎత్తింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. ఆవిడకి దుఃఖంగానూ ఉంది, ఆ పిల్లని పట్టుకుని రెండు వడ్డించాలనీ ఉంది. తండ్రి కాబట్టి ఊరుకుంది.

అప్పుడు అర్నైతుక్ జరిగి జరిగి పిల్లకి ఎదురుగా వచ్చింది.

"ఏవండీ, ఎందుకు వద్దంటున్నారు?"

"అవి నావి," అంది అకిగ్గిక్. "నేను మేత పెడుతున్నాను. ఏట్లో వేస్తే పోతాయి. తర్వాత మీరందరూ తినేస్తారు."

"ఉన్నప్పుడూ ఇంతే ఈయన," అంది ముసలావిడ సియాసితో, పిల్ల అక్కడ లేనట్టు. "పట్టిన మొదటి చేపని ముద్దుచేసుకుంటూ కూర్చునేవాడు. కుండ పొంగిపోయేది." మళ్ళీ పిల్ల వైపు తిరిగింది. ఈసారి ఆమె గొంతు మారింది. "ఏవండీ, నాకు ఈ ఏటి చేప తినాలని ఉంది. మీరు మూసి వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చి తెరుస్తారని కూర్చున్నాను. వచ్చారు గానీ తెరవలేదు. నాకు ఆకలేస్తోంది."

పిల్ల కంగారుపడింది. ఆకలేస్తోంది అన్న మనిషికి లేదని చెప్పడం ఇకలువిక్‌లో చంటిపిల్లలకి కూడా తెలియని పని. జేబులోంచి సగం కొరికిన రొట్టె తీసి ముసలావిడ చేతిలో పెట్టింది.

"ఇది కాదు. చేప."

అకిగ్గిక్ సియాసి వైపు తిరిగింది. "వదిలితే ఎప్పుడు తిరిగొస్తాయి?"

సియాసి లేని ఆశ కల్పించలేకపోయింది. "చాలా కాలం పడుతుంది నాన్నా. సముద్రానికి పోవాలి, పెరగాలి. నువ్వు పుతులిక్ అంత పొడుగు అయ్యేసరికి వస్తాయేమో. రాకపోవచ్చు కూడా. అదే కనుక్కోవాలి మేము."

"ఊఁ, అయితే నాకు దక్కదులే," అంది అర్నైతుక్. ఫిర్యాదుగా అనలేదు. "అప్పటికి నేను ఉండనండీ."

పిల్ల ఆలోచించింది. నుదురు ముడిపడింది, నాలుక పళ్ళసందులోంచి బయటికొచ్చింది. ఒడిల్ చూస్తోంది, ఒక్క ముక్కా అర్థం కాకుండానే.

"ఉంటావు," అంది అకిగ్గిక్. "చచ్చిపోయి చిన్నపాపవై ఉంటావు. అప్పుడు నీకు పళ్ళుండవుగా. నేను చేప నమిలి నీ నోట్లో పెడతాను."

అని సియాసి వైపు తిరిగి, కనుబొమలు రెండూ టోపీ కిందికి పోయేంత పైకి ఎత్తింది.

సియాసి వెక్కివెక్కి ఏడుస్తోంది, నవ్వుతోంది, ఏది ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. బయటినుంచి తల దూర్చిన పుతులిక్కే ఆ మాటలు ఒడిల్‌కి చెప్పాల్సి వచ్చింది. ఒడిల్ తన పొడుగు మెడ వంచి, పిల్ల కళ్ళలోకి చూస్తూ, తప్పుపోకుండా మెల్లగా తన కనుబొమలు ఎత్తి "ఇదేనా? అవునంటే ఇదేనా?" అని అడిగింది. పిల్ల మళ్ళీ ఎత్తింది. "అయితే డబ్బు వస్తుంది," అంది ఒడిల్, ముక్కు తుడుచుకుంటూ.

అర్నైతుక్ ఇవేవీ వినలేదు. పిల్ల కోటు ముడి విప్పి, సరిగ్గా మళ్ళీ కడుతోంది.

"అయితే ముళ్ళు తీసి పెట్టండి," అంది. "మీకు ఏదీ నిదానంగా చేసే అలవాటు లేదు."